ఆమ్లానికి లొంగని ఎర్రని వలయం

ఆధునిక వైద్యానికి తెలుగునేల అందించిన శాస్త్రజ్ఞులలో ఎల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు అగ్రగణ్యమైనది. ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు, ఆరియోమైసిన్, క్యాన్సరుపై ప్రయోగించిన తొలి ఔషధాలలో ఒకటి ఆయన పర్యవేక్షణలో వెలువడ్డాయని పిల్లల పుస్తకాలు కూడా చెబుతున్నాయి. ఆయన సాధించినవాటిని గురించి తరచుగా చదువుతాము. పుష్కరకాలానికి పైగా వెదకినా ఆయన చేతికి చిక్కని ఒక ఎర్రని పదార్థాన్ని గురించి చెప్పేవారు మాత్రం తక్కువ. ఆ మనిషిని తెలుసుకోవడానికి ఆ వెదుకులాటే మంచి దారి అని నాకు తోస్తుంది.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఇంట లేమి, ఆపైన జబ్బులు. బాలునికి చదువుమీద మనసు నిలువలేదు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరితే దారిలోనే పట్టి వెనుకకు తెచ్చారు. తల్లి పట్టుదలవల్ల మళ్ళీ బడికి వెళ్ళి, రాజమండ్రిలో మొదలైన చదువును మద్రాసు హిందూ హైస్కూలులో కొనసాగించి, మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి మరునాడే మగ్గం పనిలో పెట్టే తల్లిదండ్రులు ఈ వాక్యాన్ని ఇంకొకమారు చదువవలెనని ఉపాధ్యాయునిగా నా మనవి.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించేనాటికి ఆయన మనసు రామకృష్ణ మిషన్ వైపు మళ్ళింది. సన్న్యసించాలన్న కోరిక తల్లి అనుమతి లేక నెరవేరలేదు. రోగులకు సేవ చేయడం కూడా ఆ మార్గమే అన్న భావంతో మద్రాసు వైద్యకళాశాలలో చేరారు. గాంధీజీ పిలుపు అందుకొని విదేశీ వస్త్రాన్ని విడిచిపెట్టి, శస్త్రచికిత్సా తరగతికి ఖద్దరు అంగీతో వెళ్ళారు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి ఆగ్రహం కలిగింది. వ్రాతపరీక్షలలో బాగా వ్రాసినప్పటికీ సుబ్బారావుగారికి పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. గాయాలకు కట్టే గుడ్డను నేసి బ్రతుకుతున్న సత్రపట్టి కుటుంబాలకు ఆస్పత్రిగుడ్డ విలువ ఒకరు చెప్పనక్కరలేదు. ఒక చేనేత అంగీ ఒక వైద్యుని జీవితాన్ని ఎంత దూరం నెట్టిందో మాత్రం ఈ కథలో చూడవచ్చు. ఆ చిన్న పట్టాతో మద్రాసు ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగం దొరకలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణశాస్త్రం బోధించే పని దొరికింది.

లక్ష్మీపతిగారితో ఆయనకు అంతకన్న గాఢమైన ఋణానుబంధం ఉన్నది. సుబ్బారావుగారి సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాలో సంగ్రహణితో మరణించారు. డాక్టర్లు స్ప్రూ అని పిలిచే ఆ వ్యాధిలో తిన్నది ఒంటబట్టదు, విరేచనాలు ఆగవు, నాలుక పుండవుతుంది, రక్తం పలచబడుతుంది, మనిషి ఎండిపోతాడు. కారణం ఎవరికీ తెలియదు. సుబ్బారావుగారికి కూడా అదే వ్యాధి సోకింది. చదివిన ఇంగ్లీషువైద్యం ఏమీ చేయలేని స్థితిలో లక్ష్మీపతిగారి ఆయుర్వేద ఔషధం ఆయనను బ్రతికించింది. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బు మూలం తెలుసుకోవలెనన్న పంతం అప్పుడే పుట్టిందని ఆయన జీవితాన్ని చూస్తే అనిపిస్తుంది.

మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు కూడగట్టిన డబ్బుతో, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇస్తామన్న ఆసరాతో, భార్య శేషగిరిగారిని ఇంట విడిచి ఆయన అమెరికా పయనమయ్యారు. మళ్ళీ స్వదేశాన్ని చూడలేదు.

బాస్టన్ నగరంలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధుల డిప్లొమా పూర్తిచేశారు. రాత్రివేళ ఆస్పత్రిలో కూలిపనులు చేసి పొట్ట పోసుకున్నారు. తరువాత సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని ప్రయోగశాలలో చేరి, 1925లో ఆయనతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరం ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆమ్లద్రావణంలో మాలిబ్డేట్ లవణం కలిపి, ఒక క్షయకరణి చేర్చితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి పేరుతో తరతరాల జీవరసాయన విద్యార్థులు దానిని నేర్చుకున్నారు.

ఆ పద్ధతిని కండరాల సారంపై ప్రయోగించినప్పుడు ఒక చిక్కు వచ్చింది. నీలిరంగు వెంటనే రాకుండా మెల్లమెల్లగా చిక్కబడుతూ వచ్చింది. మరొకరైతే మందులు పాతబడినవని పారబోసి మళ్ళీ మొదలుపెట్టేవారు. వీరిద్దరు ఆగి ఆలోచించారు. కండరంలోని ఏదో ఒక పదార్థం ఆమ్లంలో నిలువలేక కొంచెం కొంచెంగా విరిగిపోతూ, తనలోని భాస్వరాన్ని విడుస్తున్నదన్నమాట. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. 1929లో అదే ప్రయోగశాలనుండి ఏ.టి.పి. వెలువడింది. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా దానిని కనుగొన్నాడు. కండరం ముడుచుకోవడానికి, జీవకణం పని చేయడానికి కావలసిన శక్తికి ఏ.టి.పి. చిల్లర నాణెం వంటిది. ఏది ఆమ్లంలో విరుగుతుంది, ఏది నిలుస్తుంది అని కనిపెట్టి చూడటం సుబ్బారావుగారికి అప్పటినుండి చేతి అలవాటైంది.

అదే బాస్టన్‌లో ఆ రోజులలోనే మరొక అద్భుతం జరుగుతున్నది. పెర్నీషియస్ అనీమియా అనే పాండురోగం వచ్చినవారికి అప్పటివరకు చావు తప్పదు. రక్తం క్షీణించడమే గాక కాళ్ళు తిమ్మిరెక్కి నడక తప్పేది. 1926లో మైనాట్, మర్ఫీ అనే ఇద్దరు వైద్యులు ఆ రోగులచేత ప్రతిదినం దాదాపు పావుకిలో కాలేయం తినిపించి బ్రతికించారు. 1934లో మైనాట్, మర్ఫీలకు, అంతకుముందు కుక్కలపై కాలేయం గుణాన్ని చూపిన విపుల్‌కు కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. అదే నగరంలోని కాజిల్ అనే వైద్యుడు, ఆరోగ్యవంతుల జీర్ణకోశంలో ఊరే ఒక పదార్థం ఈ రోగుల కడుపులో ఊరడం లేదని, అది లేనందువల్లనే ఆహారంలోని రక్తవర్ధక ద్రవ్యం ఒంటికి అందడం లేదని 1929లో చూపించాడు.

కాలేయంలో ఉన్న ఆ ద్రవ్యం ఏది? ఈ ప్రశ్న సుబ్బారావుగారిని పట్టుకుంది. సంగ్రహణి రోగి రక్తానికీ ఈ పాండురోగి రక్తానికీ సూక్ష్మదర్శినిలో చాలా పోలిక ఉంటుంది. ఎర్రకణాలు సంఖ్యలో తగ్గి, పరిమాణంలో ఉబ్బిపోతాయి. సోదరులను పోగొట్టుకున్న మనిషికి కాలేయంపై చూపు నిలవడంలో ఆశ్చర్యం లేదు. 1930ల నడుమ ఆయన జేకబ్‌సన్ అనే బాస్టన్ వైద్యునితో కలిసి కాలేయసారాన్ని భాగాలుగా విడదీయసాగారు. ఆమ్లంలో కరిగేది ఒకవైపు, కరగనిది ఒకవైపు; సారాయిలో అడుగుకు దిగేది ఒకవైపు, పైన తేలేది ఒకవైపు. ప్రతి భాగంలోనూ మందు ఉన్నదో లేదో తేల్చడానికి జంతువులపై నమ్మదగిన పరీక్ష లేదు. రక్తం బాగా పడిపోయిన ఒక పాండురోగి ఆస్పత్రికి వచ్చేవరకు వేచి ఉండి, అతనికి ఇచ్చి, కొత్త రక్తకణాలు పెరిగాయో లేదో కొన్నాళ్ళపాటు లెక్కించవలెను. ఒక్క ప్రశ్నకు ఒక్క రోగి. పని ఎంత మెల్లగా సాగి ఉంటుందో ఊహించవచ్చు. ఒకే పదార్థం కాదు, అనేక పదార్థాలు కలిసి పని చేస్తున్నాయని వారిద్దరు 1937లో వ్రాశారు. అసలు ద్రవ్యం ప్రతి భాగంలోకీ కంటికి కనబడనంత స్వల్పంగా జారిపోతూ ఉండటం అందుకు కొంత కారణమై ఉండవచ్చునని ఈనాడు మనకు తోస్తుంది.

హార్వర్డ్ ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాలను ఫిస్కే ఈర్ష్యతో వెలుగు చూడనీయలేదని, వాటిని తరువాతివారు మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని, సహాధ్యాయియై తరువాతి కాలంలో నోబెల్ పొందిన జార్జ్ హిచింగ్స్ చెప్పారు. 1940లో సుబ్బారావుగారు న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ మందుల సంస్థకు వెళ్ళి, త్వరలోనే పరిశోధనలకు అధిపతి అయ్యారు. కాలేయాన్ని మాత్రం విడిచిపెట్టలేదు.

అక్కడ దొరికింది ఫోలిక్ ఆమ్లం. దాని కథకు మన దేశంలోనే ఒక మొదలున్నది. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు వైద్యురాలు బొంబాయి బట్టల మిల్లులలో పనిచేసే గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టుసారంతో అది నయమవుతుందని, శుద్ధిచేసిన కాలేయసారంతో కాదని చూపించింది. 1941లో అమెరికాలోని టెక్సస్‌లో మిచెల్, ఆయన సహచరులు టన్నులకొద్దీ పాలకూరనుండి ఒక పదార్థాన్ని వేరుచేసి, ఆకునుండి వచ్చినందున ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసినది సుబ్బారావుగారి బృందం; 1945లో ప్రకటించారు. ఆ పత్రంలో పదిహేనుమందికి పైగా ఉన్న పేర్ల నడుమ ఆయన పేరు ఒకటి. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ స్పైస్ అనే వైద్యుడు అమెరికా దక్షిణ ప్రాంతంలోనూ కరీబియన్ దీవులలోనూ సంగ్రహణి రోగులకు ఆ మందిచ్చాడు. నాలుక పుండ్లు మానాయి, ఆకలి పుట్టింది, రక్తం పెరిగింది. సోదరులు మరణించిన పావు శతాబ్దానికి మందు వచ్చింది.

అయితే పాండురోగం విషయంలో ఫోలిక్ ఆమ్లం మోసం చేసింది. రక్తం బాగుపడింది గాని నరాలు బాగుపడలేదు. కొందరిలో రక్తపరీక్ష చక్కగా ఉన్నట్టు చూపుతూ ఉండగానే కాళ్ళ పట్టు తప్పిపోయింది. అంటే కాలేయంలో వెదకుతున్న ద్రవ్యం ఇది కాదు. ఈనాటికీ వైద్యులు రక్తం తక్కువైన పెద్దవారికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇచ్చి ఊరుకోకుండా బి12 కూడా చూడటానికి కారణం ఇదే. ఇంట్లో ముసలివారికి అరికాళ్ళు తిమ్మిరెక్కితే వయసని సరిపెట్టుకోరాదు.

అసలు ద్రవ్యం 1948 ఏప్రిల్‌లో వెలుగు చూసింది. పెర్ల్ రివర్‌లో గాక, అక్కడికి ఎంతో దూరం లేని న్యూజెర్సీలోని మెర్క్ సంస్థలో. మేరీ షార్బ్ అనే శాస్త్రవేత్త ఆ ద్రవ్యం ఉంటేనే పెరిగే ఒక బాక్టీరియాను చూపించడంతో రోగికోసం ఎదురుచూడవలసిన అవసరం తప్పిపోయింది. మెర్క్‌లో ఫోకర్స్ బృందం ఎర్రని సన్నని స్ఫటికాలను రాబట్టింది. ఇంగ్లండులో గ్లాక్సో సంస్థకు చెందిన లెస్టర్ స్మిత్, సారంలోని గులాబిరంగునే జాడగా పట్టుకొని అదే ఏడాది అక్కడికి చేరాడు. టన్నులకొద్దీ కాలేయానికి మిల్లీగ్రాములు దొరికేవి. కొన్ని మైక్రోగ్రాములు సూదిమందుగా ఇస్తే రోగి కోలుకునేవాడు. ఆ ఎరుపునకు మూలం ఒక లోహం, కోబాల్టు అని ఆ ఏడే తేలింది. దీనికే విటమిన్ బి12 అని పేరు.

ఇక ఆమ్లం సంగతి. ప్రకృతిలో లోహాన్ని నడుమ ఉంచుకొనే వలయాలు కొన్ని ఉన్నాయి. నాలుగు చిన్న ఉంగరాలు గుండ్రంగా చేరి, నాలుగు నత్రజని పరమాణువులు లోపలికి చూస్తూ నిలుస్తాయి. వాటి నడుమ లోహం కూర్చుంటుంది. ఆకులోని పత్రహరితంలో కూర్చున్నది మెగ్నీషియం, రక్తంలోని హీమ్‌లో ఇనుము. మెగ్నీషియం పట్టు చాలా బలహీనం. గోంగూర పొయ్యిమీద పెట్టిన కొద్దిసేపటికే పచ్చదనం పోయి గోధుమవన్నెకు తిరుగుతుంది. పాలకూర, మునగాకు అంత త్వరగా తిరగవు. గోంగూరలోనే పులుపున్నది. ఆ పులుపులోని హైడ్రోజన్‌లు వచ్చి నత్రజనుల దగ్గర చోటు ఆక్రమించుకుంటాయి, మెగ్నీషియం బయటికి పోతుంది. రాగి మెగ్నీషియంలా కాదు. అది వలయంలో చేరిందంటే పులుపు దానిని కదపలేదు. కళాయి లేని రాగిగిన్నెలో పులుపు వండితే ఆకు మెరిసే పచ్చగా ఉండేది, తిన్నవారికి మాత్రం వాంతులయ్యేవి. పెద్దలు వద్దన్నది ఊరకే కాదు.

ఇనుము మెగ్నీషియం కన్న గట్టిది. 1853లో టైక్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ఎండిన రక్తపుమరకను కొంచెం ఉప్పుతో, గాఢమైన ఎసిటిక్ ఆమ్లంతో వేడిచేసి గోధుమరంగు స్ఫటికాలు రాబట్టాడు. అంత ఆమ్లంలోనూ ఇనుము వలయాన్ని విడువలేదు. హత్యానేరాల విచారణలో రక్తపుమరకను గుర్తించడానికి ఆ పరీక్ష చాలాకాలం ఉపయోగపడింది. ఇంకా తీవ్రమైన ఆమ్లాలతో, లేదా ముందుగా ఇనుమును క్షయకరణం చేసి, దానిని బయటికి రప్పించవచ్చు.

బి12లోని కోబాల్టు ఇంకొక మెట్టు పైన ఉన్నది. ఇంగ్లండులో డొరొతీ హాడ్జ్‌కిన్ ఎక్స్‌కిరణాలతో శోధించి 1955, 56 సంవత్సరాలలో దాని నిర్మాణాన్ని బయటపెట్టింది. 1964లో ఆమెకు నోబెల్ వచ్చింది. హీమ్ వలయంలో నాలుగు ఉంగరాలను నాలుగు కర్బనపు వంతెనలు కలుపుతాయి. బి12లో మూడే వంతెనలు. నాలుగవచోట రెండు ఉంగరాలు నేరుగా అతుక్కున్నాయి. అందుచేత వలయం ఇరుకైనది. నాలుగు నత్రజనులే గాక, కిందనుండి మరొక నత్రజని, పైనుండి ఇంకొక బంధం కోబాల్టును పట్టి ఉంచుతాయి. మూడు ధనావేశాలు గల కోబాల్టు తన బంధాలను మార్చుకోవడంలో మహా మందకొడి. గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేడిచేసినప్పుడు బి12 అంచులకు వ్రేలాడే కొమ్మలు తెగాయి, కిందనున్న నత్రజని గల ముక్క ఊడివచ్చింది. కోబాల్టు మాత్రం ఎర్రని వలయంలోనే ఉండిపోయింది. ఆమ్లంతో కోబాల్టును మాత్రమే తీసివేసి వలయాన్ని చెక్కుచెదరకుండా మిగుల్చుకోవడం రసాయనజ్ఞులకు చేతకాలేదు. కోబాల్టు లేని అటువంటి వలయాలను కొన్ని బాక్టీరియాలనుండి సంపాదించవలసి వచ్చింది.

మన కడుపులో ఊరేది హైడ్రోక్లోరిక్ ఆమ్లమే. మాంసం, గ్రుడ్డు, పాలలోని బి12ను ప్రోటీనునుండి విడిపించేది ఆ ఆమ్లమూ, దానితో ఊరే పెప్సిన్ రసమూ. విడివడిన బి12ను మొదట లాలాజలంలోని ఒక ప్రోటీను చేరదీస్తుంది. ఆమ్లం పలచబడిన చిన్నప్రేగులో అది చేతులు మారి, కాజిల్ పసికట్టిన జీర్ణకోశపు పదార్థంతో కలిసి, చిన్నప్రేగు చివరి భాగంలో ఒంటికి చేరుతుంది. రోజుకు కావలసినది సుమారు రెండు మైక్రోగ్రాములే. వయసు మీరి కడుపులో ఆమ్లం తగ్గినవారికి ఆహారంలో ఉన్నది కూడా సరిగా అందకపోవడానికి కారణం ఇక్కడే ఉన్నది. మొక్కలు దీనిని తయారు చేయలేవు. శాకాహారులకు పాలు, పెరుగు, మజ్జిగ ఆధారం.

మెర్క్ ప్రకటన వెలువడినప్పుడు సుబ్బారావుగారు పెర్ల్ రివర్‌లో చేతినిండా పనితో ఉన్నారు. బోదకాలుకు హెట్రజాన్ అంతకు ముందటి ఏడాదే వచ్చింది. ఆయన బృందం తయారుచేసి ఇచ్చిన ఎమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్తక్యాన్సరు వచ్చిన పసిపిల్లలకు కొంతకాలమైనా ఊరట కలిగించగలిగాడు. ఆ వివరాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిన్ అదే వేసవిలో లోకానికి తెలిసింది. ఎమినోప్టెరిన్ అనేది ఫోలిక్ ఆమ్లాన్ని కొద్దిగా మార్చి చేసినదే. అంటే పాండురోగానికి మందు వెదకుతూ పోయిన దారిలోనే అదీ దొరికింది.

1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు కన్నుమూశారు. వయస్సు 53 ఏళ్ళు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది. ఆయన పేరుమీద 1953లో ఒక శిలీంధ్రానికి సుబ్బరోమైసిస్ అని నామకరణం చేశారు. 1995లో భారత తపాలాశాఖ స్టాంపు వెలువరించింది.

లెడర్లీలో ఆయన సహచరులు స్టోక్‌స్టాడ్, జూక్స్ కోడిపిల్లల పెరుగుదలకు చవకగా బి12 ఎక్కడ దొరుకుతుందా అని వెదుకుతూ, ఆరియోమైసిన్ తీసుకున్న తరువాత తొట్లలో మిగిలే పిప్పిని పరీక్షించారు. ఆ సూక్ష్మజీవి బి12ను కూడా తయారు చేస్తున్నది. 1949 నాటికి ఆ సంగతి అచ్చులోకి వచ్చింది. టన్నులకొద్దీ కాలేయంలో ఆయన వెదకిన ఎర్రని వలయం, ఆయన ఏలుబడిలోని తొట్లలోనే, ఆయన బ్రతికి ఉన్నప్పుడే, ఊరుతూ ఉండినది.